ఆదివారం ఎత్తిన కల్లం

1986లో నేను నల్లపాడు దాటాక వచ్చే ఒక ఊరి హైస్కూల్లో సైన్సు టీచర్ని. మాకు ‘వర్క్ ఎక్స్‌పీరియన్స్’ అని ఒక పీరియడ్ ఉండేది, అంటే పిల్లలు చేతులతో ఏదో ఒక పని నేర్చుకోవాలి. చాలా బళ్ళలో కొవ్వొత్తులు చేయించి సరిపెట్టేవాళ్ళు. నాకు ఆ కొవ్వొత్తులంటే ఒళ్ళు మంట. అందుకే బడి వెనక బీడు దున్నించి మిరప తోట పెట్టించాను.

ఊళ్ళో రైతులు నారు ఇచ్చారు. క్రైస్తవుల పేటలోంచి తల్లులు వచ్చి పిల్లలతో పాటు కలుపు తీశారు. ఏసుదాసు మాత్రం గట్టు మీదే ఆగిపోయాడు. అతను కూలి పని చేసుకునేవాడు, చర్చిలో సంఘపెద్ద. అతని కూతురు సువార్త తొమ్మిదో తరగతి. తోట పెత్తనమంతా ఆ పిల్లదే.

“మట్టి పనికైతే బడెందుకండీ టీచరు గారూ? మా వెంటే వచ్చేది కదా,” అన్నాడు.

“ఇదీ చదువేనయ్యా.”

“అదేదో పంట చేతికొచ్చాక చూస్తానండి. అప్పటికీ మట్టి పనే అనిపిస్తే పదో తరగతికి పంపను.”

ఆ మాట విన్న దగ్గర్నుంచి సువార్తకి తోట తప్ప వేరే లోకం లేదు.

మార్చిలో కాయ కోసి, బడి ఆవరణలో చదును చేసిన కల్లంలో ఎండబెట్టాం. ఎండే కాయ తడిస్తే రంగు పోయి తెల్లబడుతుంది, దాన్ని తాలు కాయ అంటారు. రోజూ సాయంత్రం రాశి పోసి పట్టా కప్పాలి. ఒక శనివారం, ఇంకొక్క ఎండ తగిలితే చాలని పిల్లలు పరిచిన కాయ పరిచినట్టే వదిలేసి వెళ్ళారు. ఆదివారం పేటలో ఎవరూ పని ముట్టరు. ఏసుదాసైతే కోతలు ముమ్మరంగా ఉన్నా ఆ రోజు పార పట్టడు.

ఆ ఆదివారం పొద్దున్నే నల్లటి మబ్బు పట్టింది. నేను బడికి వెళ్ళి ఒక్కదాన్నే పట్టా లాగబోతే గాలికి చేతిలో నిలవలేదు. బడి గదులకి తాళాలు. రోడ్డు దాటి చర్చికి పరుగెత్తాను. గుమ్మంలోనే ఆగిపోయాను. ప్రార్థనలో ఉన్నవాళ్ళని పనికి రమ్మని ఏ ముఖంతో పిలవను?

సువార్త నన్ను చూసి, తండ్రి వైపు చూసింది. ఏసుదాసు కిటికీలోంచి మబ్బు చూశాడు. లేచి, కూర్చున్న చాప చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

“అయ్యగారూ, కాసేపు ఆపండి,” అని పాస్టరు గారితో అని బయటికి నడిచాడు. అతని వెనక చర్చి మొత్తం లేచింది.

తెల్ల చీరల ఆడవాళ్ళు కొంగుల్లో కాయ ఎత్తారు. మగవాళ్ళు చాపల్లో చర్చిలోకి మోశారు. ఊళ్ళోంచి రైతులు గోతాలతో పరుగున వచ్చారు. ఏనాడూ ఆ చర్చి గడప తొక్కనివాళ్ళు లోపలికొచ్చి గోతాలు దించారు. ఎవరూ ఎవరికీ పని చెప్పలేదు. అంతమంది అలా కదలడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. చివరి చాప లోపలికి రాగానే వాన అందుకుంది.

ప్రసంగపు బల్ల ముందు ఎర్రటి రాశి. ఘాటుకి పాస్టరు గారు తుమ్ముతూనే ప్రార్థన ముగించారు. అందరి కళ్ళలో నీళ్ళే. నా కళ్ళలోవి మాత్రం ఘాటువి కావు.

వాన వెలిశాక ఒక రైతు ఆటపట్టించాడు. “ఏం ఏసుదాసూ, ఆదివారం పని చేశావే?”

ఏసుదాసు చాప దులుపుతున్నాడు. “పనెక్కడ చేశానండీ? మా పిల్ల పుస్తకాలు తడుస్తాయని లోపల పెట్టాను.”

పిల్లల పనిని ఇంటివాళ్ళు తమదిగా ఎత్తుకున్నప్పుడే బడి నిలబడుతుందని నాకు ఆ రాశి ముందు తెలిసింది. జూన్‌లో సువార్త పదో తరగతికి వచ్చింది. పుస్తకాల సంచి మోసుకుంటూ వెనకాల ఏసుదాసు.