సున్నం మిద్దె పాట

తమిళనాడులో ధర్మపురి నుంచి కారిమంగళం వెళ్లే బస్సులో ఫోన్లో ఓ పాత అమెరికా సినిమా చూస్తున్నాను. ఇయర్‌ఫోన్లు మరిచిపోవడంతో శబ్దం కట్టేశాను. పెయింట్ల దుకాణంలో పనిచేసే ఓ కుర్రాడు శనివారం వస్తే చాలు, డిస్కోకు పోయి డాన్సు చేస్తాడు. అదీ కథ.

అంతకుముందు నేను ఫోన్లో మాట్లాడింది పక్కసీటు అవ్వ విన్నట్టుంది.

"మీరూ తెలుగోళ్లేనా నాయనా? మేమూ ఇంట్లో తెలుగే. చదివేకి రాదు," అంటూ తెర మీదికి వంగింది. "ఈ పిల్లోడు ఏం పని చేస్తాడు?"

"పెయింట్ అంగట్లో పని అవ్వా."

"అట్లనా! మనోడే. మాదీ సున్నం పనే."

ఇంతలో అందరూ వరసగా నిలబడి ఒక్కసారే అడుగులు వేసే ఘట్టం వచ్చింది. అవ్వ వేళ్లు ముందుసీటు కడ్డీ మీద దరువు మొదలుపెట్టాయి.

"మిద్దె మీద పరిచిన సున్నం గట్టిపడాలని ఆడోళ్లం ఇట్లే వరసగా నిలబడి కట్టెలతో కొడతా ఉంటిమి. పాడేది, కొట్టేది, అడుగు జరిగేది. ఇప్పుడంతా సిమెంటు. ఆ పాట ఎవురికి కావాల?"

తెర మీద ఆ ఘట్టం అయిపోయింది.

"మళ్లా పెట్టు నాయనా. ఈ తూరి నేను పాడతా."

గొంతెత్తి పాడింది. తమిళం తప్ప వినపడని ఆ బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. ఏనాడో సముద్రాల అవతల ఆడిన ఆ కుర్రాడు అవ్వ పాటకు ఒక్క అడుగు తప్పలేదు.

ఇప్పుడు ఇయర్‌ఫోన్లు ఉన్నా, ఆ ఘట్టం రాగానే శబ్దం కట్టేస్తాను.