గులాబీ రంగు అక్షరాభ్యాసం

అక్షరాభ్యాసానికి వెళ్లేవాళ్లు పలకో బలపమో పట్టుకెళ్తారు. నేను పట్టుకెళ్లినదాని పుణ్యమా అని పలక పట్టాల్సిన పిల్ల అంబులెన్సు ఎక్కింది. చెబుతాను, నవ్వుకోండి. కానీ మరీ పగలబడి నవ్వకండి. ఆ పిల్ల తాత ఇప్పుడు లేడు.

సింహాచలం బాబాయి ఈ హిందీవాళ్ల ఊళ్లో, కోహ్కా పేటలో మా పక్కింటాయన. స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి, రిటైరయ్యేటప్పుడు పెన్షనుతో పాటు ఛాతీ నిండా పొగ కూడా తెచ్చుకున్నాడు. ఆయన దగ్గితే మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. కోడలు రేఖ ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. కొడుకూ అంతే. మనవరాలు గుడియాకి హిందీ తప్ప రాదు.

"ఇంట్లో తెలుగు రాయడం వొచ్చినోణ్ణి నానొక్కణ్ణే. దాని యేలట్టుకుని ఒక్క 'అ' రాయించీస్తే సాలు. ఆ తరవాత ఊపిరాడినా ఆడకపోయినా ఒకటే" అనేవాడు బాబాయి. డాక్టర్లు కూడా అప్పటికి పెద్దగా వాదించడం మానేశారు.

అందరిలాగే పళ్లెంలో బియ్యం పోసి రాయించేస్తే ఈ కథ లేదు. కానీ అక్కడ నేనున్నాను. ఎనిమిదో తరగతి దాకా మూడో భాషగా సంస్కృతం వెలగబెట్టినవాణ్ణి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది ఎదుటివాళ్ల మతి పోగొట్టే చదువు.

"అక్షరమంటే నశించనిది, బాబాయ్. అక్షతమంటే దెబ్బ తగలనిది. మరాడించిన బియ్యానికి పొట్టూ లేదు, ప్రాణమూ లేదు. చచ్చిన గింజల్లో చావులేని అక్షరం రాయిస్తావా? బీజమంటే రాబోయే పైరునంతా మడతపెట్టి దాచుకున్నది. విద్య అందులోంచి మొలవాలి."

చావులేనిది అన్న మాట ఆయన దగ్గర అనకుండా ఉండాల్సింది. మంచంలో లేచి కూర్చున్నాడు. "అయితే ఆ ఇత్తనాలే తే."

వానలో తడుస్తూ పక్కూరు కుమ్హారి దాకా స్కూటరు తోలుకెళ్లి విత్తనాల కొట్లో వరి సంచి కొన్నాను. మర్నాడు పళ్లెంలో పోస్తే వడ్లు గులాబీ రంగులో మెరిసిపోయాయి.

రేఖ అనుమానంగా చూసింది. "వడ్లు ఇలగ పింక్‌గా ఉంటాయేటి, భయ్యా?"

"కుంకుమ పట్టించి ఉంటారమ్మా. శుభం" అన్నాను. విత్తనాల కొట్టువాడికి అంత భక్తి ఎందుకన్న ప్రశ్న నాకు రాలేదు.

బాబాయి రొప్పుతూ పిల్ల వేలు పట్టుకున్నాడు. 'అ'లో మొదటి వంపు తిరగకముందే వడ్ల ముల్లు గుచ్చుకుంది. గుడియా కెవ్వుమని వేలు లాక్కుని నోట్లో పెట్టుకుంది. పెదాలు గులాబీ రంగుకి తిరిగాయి. రేఖ పరుగున వెళ్లి సంచి తిరగేసింది. మందు పట్టించిన విత్తనం, తినరాదు అని హిందీలో రాసి, పక్కన పుర్రె బొమ్మ వేసి ఉంది. అది నన్నే చూసి ఇకిలిస్తోంది. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలవదంటారు. ఎందుకు మొలవదు? నేను వేసింది వరి, మొలిచింది అంబులెన్సు.

ఆసుపత్రిలో పిల్ల నోరు కడిగారు. భయం లేదుగానీ సాయంత్రం దాకా చూస్తామన్నారు. ఈ విత్తనాల ఆలోచన ఎవరిదని డాక్టరు అడిగితే నేను ఫ్యాను రెక్కల మీద పరిశోధనలో పడ్డాను. ముహూర్తం దాటిపోయింది. పంతులుగారికి ఫోను చేస్తే మళ్లీ దసరాకి అన్నారు. బాబాయి ఛాతీ మీద చెయ్యి వేసుకుని, కిటికీలోంచి వాన చూస్తూ ఉండిపోయాడు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

సాయంత్రం పిల్లకి కిచిడీ వచ్చింది. బాబాయి గోడ పట్టుకుని లేచాడు. కిచిడీని చెంచాతో పళ్లెమంతా పరిచి, ఆరేదాకా ఊది, గుడియా వేలు పట్టుకున్నాడు.

"బాబాయ్, ఉడికినదాంట్లో..." అని అందుకున్నాను.

"నువ్వు నోర్ముయ్. నీ అర్తాలు సాలు."

ఇద్దరి చేతులూ కలిసి అక్షరం పూర్తి చేశాయి. వంకరదే, కానీ 'అ'యే. గుడియా వేలు చూసుకుని, మేము ఆపేలోపు నాకేసింది.

"ఎలగుందే, అమ్మా?" అన్నాడు బాబాయి.

"నమక్ కమ్ హై, దాదాజీ."

ఉప్పు తక్కువట. ఆయన నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు బయటికి రాలేదు. దసరా దాకా ఆయన ఆగలేదు.

కనుక సమస్త సంస్కృత ధాతువుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ శుభకార్యానికైనా వడ్డన మొదలయ్యాకే వెళ్తాను. అక్షతలంటే ఏమిటని పసిపిల్ల అడిగినా, "నెత్తిన వేసేవమ్మా" అని చెప్పి ఊరుకుంటాను.