లచ్చవ్వ అత్త ఏడుపులోంచి పుట్టిన జెండా పాట

మా చిన్నప్పుడు... చొప్పదండి దగ్గర మా ఊళ్లో ఎవరైనా పోతే ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చేవారు. ఎవరి శోకం వాళ్లదే... ఒకరి రాగం ఇంకొకరు ఎత్తుకునేవారు కాదు.

మా మేనత్త లచ్చవ్వ భర్త దుబాయిలో చనిపోయాడు. పెట్టె వచ్చింది గానీ, తెరవనివ్వలేదు. అత్త రోజూ మా అర్రలో కూర్చుని అదే ఏడ్చేది... "లేచి రావయ్య నా రాజా... మూత దీసుకొని రా..."

గోడకవతల గదిలో మా తెలుగు సారు అద్దెకుండేవాడు. ఆయనకు ఆగస్టు పదిహేనుకు పాట కావాలి. బాణీ ఉచితంగా దొరికింది. రాజును తీసేసి వీరుణ్ణి పెట్టాడు, మూత తీసేసి జెండా పెట్టాడు. "లేచి రావోయి వీరుడా... జెండా ఎత్తగ రా..." డప్పుల దరువుతో మాకు నేర్పాడు.

అది అత్త ఏడుపు రాగమేనని ఆ రోజే ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. "సార్లతోని మనకెందుకు, ఊకో" అన్నాడు.

జెండా పండుగ నాడు అత్త నా పాట వినడానికే వచ్చింది. మామ పోయాక గడప దాటడం అదే మొదటిసారి. మేం మొదటి చరణం ఎత్తుకోగానే మట్టిలో కూలబడి, అదే రాగంలో తన మాటలు అందుకుంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. కుర్చీల్లో ఉన్న పెద్దలూ నవ్వారు.

సారు మైకులోనే అన్నాడు. "గామెను జర పక్కకు తీస్కపోండ్రి. పండుగ పూట గీ ఏడుపేంది?"

బాపే రెక్క పట్టి ఈడ్చుకుపోయాడు.

ఆ తర్వాత అత్త ఏ చావులోనూ నోరు తెరవలేదు. తెరవబోతే వీధి పిల్లలు కవాతు చేసేవారు. "నా ఏడుపు గుడ గుంజుకున్నరు బిడ్డా" అని నాతో ఒక్కసారే అంది.

ఆ పాటకు కరీంనగర్‌లో బహుమతి వచ్చింది. మా బడిలో ఇప్పటికీ పాడిస్తారు. రచన, బాణీ... రెండూ సారువేనట.

మొన్న అత్త పోయింది. కూతురు తల్లి మీద పడి, తల్లి రాగమే ఎత్తింది... "లేచి రావే నా అవ్వా..." వాకిట్లో ఆడుకుంటున్న బడిపిల్లలు గబుక్కున లేచి, చేతులు చక్కగా పెట్టుకుని అటెన్షన్‌లో నిలబడ్డారు.

"మంచిగ నేర్పిండ్రు సార్లు" అని మెచ్చుకున్నారు ఎవరో. కూతురు నోట్లో కొంగు కుక్కుకుంది.

ఇప్పుడు మా ఊళ్లో రాగం తీసి ఏడ్చేవాళ్లు లేరు... మీ ఊళ్లో ఇంకా ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి... సార్లకు వినపడకుండా.