సేటు బెల్లం, నా మొక్కు

డెబ్బైల చివర్లో బీఏ పాసై, వరంగల్ చౌరస్తా దగ్గరి బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాను. సేటు నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు. దుకాణం నిండా గిరాకీలు ఉన్నప్పుడే, "ఏమోయ్ బీఏ, నా చెప్పులు జర అందియ్యి" అనేవాడు. అందరూ నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను. చెప్పులు అందించిన ప్రతి రోజూ ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. సేటు పుణ్యమా అని జిల్లాలో నా దరఖాస్తు చేరని ఆఫీసు లేదు.

చివరికి హన్మకొండలో ఒక సర్కారు ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. సెలవెలా అడగాలి? అంతకుముందు ఒకతను ఇంటర్వ్యూ అని నిజం చెబితే, సేటు ఆ పూటే అతణ్ని పంపించేశాడు. అదృష్టం కొద్దీ అది మేడారం జాతర వారం. సమ్మక్కకు మొక్కుందని చెప్పాను. అమ్మవారి పేరు చెబితే సేటుకు హడల్. వెంటనే సెలవిచ్చాడు. ఇచ్చి ఊరుకోక పెద్ద బెల్లం ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నా బంగారం గూడ అమ్మకు ముట్టజెప్పు. మంచి పనోడు నా దుకాణంల నిలవాలెనని మొక్కు."

మేడారంలో బెల్లాన్ని బంగారమనే అంటారు. సేటుతో అబద్ధమాడటానికి నాకు జంకు లేదు గానీ, అమ్మ బెల్లం చేతికొచ్చాక భయమేసింది. ఇంటర్వ్యూ గదిలోకి ఆ సంచితోనే వెళ్లాను. చూస్తుండగానే బల్ల మీదికి చీమలు పాకాయి. సంచిలో ఏముందని అధికారి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన కడుపుబ్బ నవ్వి, ఇప్పుడు నిజంగానే మేడారం వెళ్తావా అన్నాడు. ఇటునుంచి ఇటే బస్సెక్కుతానన్నాను. ఎక్కాను కూడా.

మేడారంలో అమ్మవార్ల గద్దెల ముందు నిలబడ్డాక అసలు చిక్కు తెలిసింది. సేటు మొక్కు ఫలిస్తే నేను చెప్పులు అందిస్తూ అక్కడే ఉండిపోవాలి. చేతులు జోడించి చాలాసేపు ఆలోచించాను.

"తల్లీ, సేటుకు మంచి పనోణ్ని ఇయ్యి. గా పనోడు నేను గాకుండ జూడు."

నెలలోపే ఆర్డరొచ్చింది. అది చూపించి, జరిగిందంతా సేటుకు చెప్పేశాను. ఆయన ఆర్డరు తిప్పి తిప్పి చూసి, "బెల్లం నాది, నౌకరి నీకా?" అన్నాడు.

రెండేళ్ల తర్వాతి జాతరకు సేటు పేరున బెల్లం నేనే పట్టుకెళ్లాను. ఆయన నోరు కాస్త మెత్తబడాలని మొక్కి, ప్రసాదం తీసుకుని దుకాణానికి వెళ్లాను. "ఏమోయ్ ఎమ్మే, నా చెప్పులు జర అందియ్యి" అంటున్నాడు సేటు, నా చోట చేరిన కొత్త గుమాస్తాతో. ప్రసాదం ఆయన చేతికిచ్చాను. మా ఆఫీసులో ఖాళీలున్నాయని ఎమ్మే చెవిలో వేశాను.