తెర కింద తెర

కోయిలకుంట్లలో బట్టల అంగడి కేశవయ్య కూతురు పద్మప్రియ కర్నూలులో ఎంసీఏ ముగించి వచ్చింది. 2008లో ఆ అమ్మాయి అంగడి వెనక గదిలో, చీరల కట్టల మధ్య పాత కంప్యూటర్ పెట్టుకుని, ఫోన్‌లో నడిచే ప్రోగ్రాం ఒకటి రాసింది. పల్లెలు తిరిగి పిల్లలకు టీకాలు వేసే నర్సమ్మ నాగలక్ష్మమ్మ కోసం. బిడ్డ పేరు, పుట్టిన తేదీ ఎక్కిస్తే, ఏ టీకా ఎప్పుడు వేయాలో ఫోనే చెబుతుంది.

మొదటి బుధవారం దాన్ని పల్లెకు తీసుకుపోయిన నాగలక్ష్మమ్మ సాయంత్రం అంగడి మెట్ల మీద కూలబడింది.

"సగం ఎక్కిచ్చినాక ఎవురన్నా ఫోన్ చేస్తే అంతా పోతాండాది పాపా. మాట్లాడి పెట్టేసి చూస్తే ఖాళీ! ఒక్క బిడ్డ పేరే ఏడుసార్లు కొట్టినా."

పద్మప్రియ ముఖం చిన్నబోయింది. నాలుగు రోజులు వెతికితే తప్పు దొరికింది, అది తనదే. కాల్ వచ్చి తెరను కప్పి, మళ్లీ తొలగినప్పుడల్లా ప్రోగ్రాం పాత తెరను వదిలేసి, అలాంటిదే కొత్తది తయారుచేస్తోంది. ఉన్నదాన్నే తిరిగి చూపేలా ప్రోగ్రాంలో నాలుగు వరుసలు మార్చింది.

మరుసటి బుధవారం తనూ వెంట పోయింది. అంగన్‌వాడీ గడప మీద, టీకా వేయించడానికి వచ్చిన భీమమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాగలక్ష్మమ్మ ఆ బిడ్డ పేరు 'శివాని' అని కొట్టి, తేదీ కొడుతుండగా పద్మప్రియ తన ఫోన్ నుంచి రింగ్ ఇచ్చింది. పేరు మాయమై, కాల్ తెర వచ్చింది.

"అయ్యో, మల్లా పాయె!"

పద్మప్రియ కాల్ ఆపేసింది. శివాని పేరు, సగం కొట్టిన తేదీ, దాని చివర మినుకుమంటున్న గీత, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

నాగలక్ష్మమ్మ తెరను వేలితో మెల్లగా తాకింది.

"యాడికీ పోల్యా! ఇంతసేపూ దీని కిందనే ఉండాదా పాపా?"

"ఈడనే ఉండాదక్కా. మనకు కనపడల్యా, అంతే."

"ఏదీ, నన్ను గూడా చూడనీ. ఇంగోసారి దాచు తల్లీ," అంటూ భీమమ్మ ముందుకు వంగింది.

పద్మప్రియ పదిసార్లు రింగ్ ఇచ్చింది. పదిసార్లూ ఆ పేరు మునిగి తేలింది. రాసింది తనే అయినా ఆమెకు ఒళ్లు పులకరించింది. టీకా సంగతి మరిచి ముగ్గురూ ఆ చిన్న వెలుగుకేసి చూస్తూ ఉండిపోయారు.

ఏడాది తిరిగేసరికి కమలాపురం నర్సమ్మలు ఆ ప్రోగ్రాం తమకూ కావాలని కబురు పెట్టారు. పద్మప్రియకు తోడుగా నాగలక్ష్మమ్మ బస్సెక్కింది. అక్కడ అందరికీ నేర్పింది నాగలక్ష్మమ్మే.