పప్పు అయిపోయిందని రాసిన వేలు

ప్రియమైన సహోదరీ సహోదరులారా, మా పక్క దుకాణం పప్పు భయ్యాను నేను ఒక బుధవారం ఉదయం పదకొండు గంటలకు చంపేశాను. మధ్యాహ్నం మూడింటికి ఆయన గడియారం సెల్లుల ప్యాకెట్టు పట్టుకొని బస్సు దిగి వచ్చి, మూసి ఉన్న తన షట్టరు ముందు ఏడుస్తున్న సొంత చుట్టాలను చూసి, "ఎవరు పోయారు?" అని నన్నే అడిగాడు. నన్ను ఎరిగినవాళ్లు ఇదీ వేళాకోళమే అనుకుంటారు గాని, మందిరంలో నిలబడి చెప్పిన మాటలే మన పత్రిక కోసం కాగితం మీద పెడుతున్నాను.

మాది భిలాయి సెక్టర్ 4 మార్కెట్లో పిండివంటల కొట్టు. నాన్నగారు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేశారు. నేను ఎనిమిదో తరగతిలో బడిని వదిలేశాను, వదిలినందుకు బడి కూడా దేవునికి స్తోత్రం చెప్పే ఉంటుంది. మా ఆవిడ సుగుణ చేతి జంతికలు, గవ్వలు, పప్పు చెక్కలకు మనవాళ్లే కాక స్మృతి నగర్ నుంచి హిందీవాళ్లు కూడా వచ్చేవారు. వంట ఆమెది, నోరు నాది.

ఛత్తీస్‌గఢ్ విడి రాష్ట్రమై పదేళ్లు దాటి, టచ్ ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులవి. కాలేజీలో చదివే మా అమ్మాయి జెస్సీ దుకాణం పేరుతో సోషల్ మీడియాలో ఒక పేజీ తెరిచి నా చేతికిచ్చింది. మొదటి రోజు జంతిక ఫొటో పెట్టి, దీని చుట్టూ తిరిగి రావడానికి ప్లాంటు బస్సుకు అరగంట పడుతుందని హిందీలో రాశాను. సాయంత్రానికి లైకులు వచ్చాయి. సహోదరులారా, నేను పడింది అక్కడే. సారా కొట్టు గడప తొక్కనివాడిని, బీడీ ముట్టనివాడిని, ఆ లైకుకు లొంగిపోయాను. రోజుకు ఒకటి రెండైంది, రెండు ఎనిమిదైంది, కొలిమిని చల్లారనిస్తే ప్లాంటు పాడైనట్టు పేజీ ఒక గంట ఊరుకుంటే కొట్టు మూతపడుతుందని భయం పట్టుకుంది, ప్రార్థనలో కళ్లు మూసుకున్నా జోకే, ప్రభువు బల్ల దగ్గర వరుసలో నిలబడ్డా జోకే.

ఒకరోజు సుగుణ చేతి మీద మరిగే నూనె చిందింది. నేను నీళ్లు తేలేదు, ఫోను తీశాను.

"ఏటండీ, సెయ్యి కాలిపోనాది, మీకు ఫొటో కావలసొచ్చిందా?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

జెస్సీ భిలాయిలో పుట్టిన పిల్ల, దాని తెలుగు సగం హిందీ. ఒక కాగితం మీద వారానికి సరిపడా రాసి తెచ్చింది. సోమవారం చెక్కలు ఎలా వత్తుతామో, బుధవారం కొన్నవాళ్లు చెప్పిన మాట, శుక్రవారం మర్నాటికి ఏమేం చేస్తున్నామో, ఆదివారం సెలవు.

"నాన్నా, రోజూ ఆఠ్ పోస్టులు పెడితే లోగ్ బోర్ అయిపోతారు, నువ్వూ థక్ అయిపోతావు. వారానికి తీనే పెట్టు, కానీ ముందే సోచ్‌కే పెట్టు," అంది. ఎనిమిదైతే జనానికి విసుగు, నాకు అలసట, మూడే ముందుగా ఆలోచించి పెట్టమని.

"తీన్ పెడితే మనం తీనుమారే, కొట్టు మూసుకొని వీధిలో గంతులెయ్యడమే," అన్నాను. ఆ కాగితంలోనే పావుకిలో గవ్వలు పొట్లం కట్టి పప్పు భయ్యాకు ఇచ్చేశాను.

ఈ పప్పు భయ్యా గడియారాలు బాగుచేస్తాడు. అసలు పేరు రేషన్ కార్డుకే తెలుసు. హిందీవాళ్లకు పప్పు అంటే ముద్దుపేరు, మనకేమో కూరలో వేసుకునేది, ఇంత వరం చేతిలో ఉంటే నేను ఊరుకుంటానా? ఈ రోజు పప్పును నానబెట్టాం, ఈ రోజు పప్పును వేయించాం అని నెలంతా రాశాను. ఆయనా నవ్వేవాడు.

ఆ బుధవారం పదకొండింటికల్లా పప్పు చెక్కలు అమ్ముడైపోయాయి. బుర్రలో ఒక్క కొత్త మాట లేదు. ఎదురుగా పూలమ్మే ఆమెను బంతిపూల దండ అడిగి, చెక్కల ఖాళీ సీసాకు వేసి, ఫొటో తీసి, "పప్పు ఖతమ్ హో గయా, సబ్‌కో రులా కే చలా గయా" అని పెట్టాను. పప్పు అయిపోయింది, అందరినీ ఏడిపించి వెళ్లిపోయింది అని నా లెక్క. సీసా వెనకాల పప్పు భయ్యా బోర్డూ మూసిన షట్టరూ పడ్డాయని నేను చూడలేదు. ఆయన సరుకుకు రాయపూర్ వెళ్లాడు, ఫోనులో చార్జింగ్ అయిపోయింది.

పావుగంటకు పేజీలో ఉన్న నంబరుకు ఎవరో ఫోను చేశారు.

"భయ్యా, పప్పు సచ్ మే ఖతమ్?"

"బిల్కుల్ ఖతమ్ భయ్యా. గ్యారా బజే." నిజంగానే అయిపోయిందా అంటే, పూర్తిగా, పదకొండింటికే అని.

"కైసే?" అన్నాడు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

"కైసే క్యా, గరమ్ తేల్ మే గయా, ఖతమ్. రోనా మత్, కల్ దూస్రా ఆయేగా," అన్నాను. ఎలా అంటే ఏముంది, వేడి నూనెలో పడింది, అయిపోయింది, ఏడవకు, రేపు ఇంకోటి వస్తుంది అని. ఫోను కట్టయింది. చెక్కల మీద ఇంత ప్రేమ ఉన్నవాడు ఎవడా అని నవ్వుకున్నాను కూడా.

అతను రాయపూర్ దారిలో కుమ్హారిలో ఉండే పప్పు భయ్యా మేనమామ కొడుకు. పక్కనే మంచం మీద పప్పు భయ్యా తల్లి కూర్చొని ఉంది. ఫోను స్పీకరులో ఆమె అన్నీ విన్నది. విని కింద పడిపోయింది. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లి, మిగిలినవాళ్లు ఆటో ఎక్కి శవం కోసం నా కొట్టు దగ్గరికి వచ్చారు. శవం కోసం, సహోదరులారా. వాళ్లను చూసి నేను ఎన్ని ప్యాకెట్లు కావాలని అడిగాను.

సంగతి తెలిశాక పప్పు భయ్యా నన్ను కొట్టలేదు. "నా పేరుతో ఆడుకున్నావు, ఊరుకున్నాను. మా అమ్మతో కూడానా?" అని హిందీలో అని, అదే ఆటోలో వెళ్లిపోయాడు. ఆయన ప్యాకెట్టు నా బల్ల మీదే ఉండిపోయింది.

నేను కొట్టు వెనక నూనె డబ్బాల మధ్య మోకాళ్లూనాను. నలభై ఏళ్లలో నా నోటికి మాట దొరకకపోవడం అదే మొదలు. చివరికి ఇంతే అన్నాను: "ప్రభువా, నాకు నోరిచ్చావు, నేను దాన్ని ఈ వేలికి అప్పగించాను. నా జోకులన్నీ తీసేసుకో తండ్రీ, ఆ తల్లి ఊపిరి మాత్రం నిలబెట్టు. నా వేలికి కావలి పెట్టు."

పోస్టు జెస్సీ తీసేసింది. సంఘమంతా ఆ పేరు తెలియని తల్లి కోసం ప్రార్థించింది, పాస్టరు గారు నన్ను తిట్టకుండా, ఎడారిలో ఆకాశం నుంచి కురిసిన ఆహారం మన్నా గురించి చెప్పారు. ఏ రోజుకు ఆ రోజుకు చాలినంత ఏరుకొమ్మన్నాడు దేవుడు, ఎక్కువ దాచుకున్నదానికి పురుగు పట్టింది, విశ్రాంతి దినాన ఏరడానికి పోయినవాడికి ఏమీ దొరకలేదు. నేనేమో రోజుకు ఎనిమిది బుట్టలు ఏరాను. అందులో పట్టిన పురుగు ఒక తల్లిని కరిచింది.

మూడో రోజు ఆమె కళ్లు తెరిచింది. దేవునికే మహిమ. పప్పు భయ్యా ఫోను చేసి, "అమ్మ నిన్ను రమ్మంటోంది," అని పెట్టేశాడు. ఆసుపత్రికి వెళ్లి గది గడప దగ్గరే ఆగిపోయాను. ఆ ముసలమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసి తన ఛత్తీస్‌గఢీలో అన్నది: "నా కొడుకును నూనెలో వేయించింది నువ్వేనా? మరి నా వాటా ఏది? పళ్లు లేవు, చాయ్‌లో నానేసుకొని తింటాను."

గదిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఆమె పాదాల దగ్గర కూర్చొని ఏడ్చాను. అప్పుడు ఆమె మాత్రలు వేసుకోవాలని తలగడ కింది నుంచి ఒక పొట్లం తీసింది. విప్పితే నూనె మరకల మధ్య జెస్సీ అక్షరాలు. సోమవారం, బుధవారం, శుక్రవారం, ఆదివారం సెలవు. నేను గవ్వలు కట్టిచ్చిన కాగితమే, పప్పు భయ్యా తల్లికి తీసుకెళ్లి ఇచ్చింది. కూతురి నోట చెబితే వినని నాకు, దేవుడు అదే మాటను నేను పడగొట్టిన మనిషి చేత అందించాడు.

ఆ శనివారం మధ్యాహ్నం జెస్సీతో కూర్చొని వారానికి మూడు పోస్టులు సిద్ధం చేశాం, ఇప్పటికీ అలాగే చేస్తున్నాం. పెట్టబోయే ముందు పప్పు భయ్యాకు చూపిస్తాం, గడియారం చూసే కంటి అద్దం పెట్టుకొని చదివి "పాస్" అంటాడు. నా బతుకులో పాసైన పరీక్ష ఇదొక్కటే. మొదటి ఆదివారం పేజీ మూగగా ఉంటే జనం మమ్మల్ని మరిచిపోతారని మందిరంలో కూర్చొని జేబులో ఫోను తడుముకుంటూనే ఉన్నాను. సోమవారం తలుపు తీసేసరికి ఎప్పుడూ వచ్చేవాళ్లే ఎప్పటిలాగే నిలబడి ఉన్నారు. సుగుణ కాలిన చేత్తోనే చెక్కలు తూచి ఇస్తోంది, ఆ మచ్చ చూసినప్పుడల్లా ఫోను లోపల పెట్టేస్తాను.

ఈ సాక్ష్యం చదువుతున్న సహోదరా, సహోదరీ, ఒక్క గంట ఊరుకుంటే బతుకు ఆగిపోతుందని నీ వేలు కూడా ఆ గాజు మీద కొట్టుకుంటోందా? ఒక్క ఆదివారం దాన్ని దేవునికి అప్పగించి చూడు. నువ్వు మాట్లాడకపోయినా నీకు రొట్టె పంపేవాడు ఆయన. ఆయనకు నా స్తోత్రాలు. నమ్మకం కుదరకపోతే సెక్టర్ 4కు రా, చాయ్ ఇస్తాను. సరుకు అమ్ముడైపోయిన రోజున మా కొట్టుకు వేలాడే పలక చూద్దువు గాని. తాను క్షేమమని అందరికీ తెలియాలని పప్పు భయ్యా పట్టుబట్టి తన చేత్తో రాసిచ్చాడు: "చెక్కలు ఖతమ్. పప్పు భయ్యా సలామత్."