అమ్మ గొంతుకి దించిన గిటార్

ఈ రోజు రేపల్లెలో నాన్నని చూడటానికి వెళ్ళాం. ఫోన్‌లో వీడియోలు చూసి గిటార్ నేర్చుకుంటున్న మా అమ్మాయి, తాతయ్య పాత గిటార్‌ని ఆ ఫోన్‌లోనే శృతి చూపించే యాప్ పెట్టుకుని శృతి చేసేసింది.

“తీగలన్నీ బాగా దిగిపోయి ఉన్నాయి తాతయ్యా. కరెక్ట్‌గా పెట్టేశాను, వాయించు.”

నాన్న ఒకప్పుడు చర్చిలో అమ్మతో కలిసి వాయించిన పాట ఎత్తుకుని, పల్లవిలోనే ఆగిపోయారు.

“బాగానే పెట్టావు తల్లీ. మీ నానమ్మకే ఇంత పైశృతి అందదు.”

అమ్మ పోయి చాలా కాలమైంది. నాన్నకి గిటార్ ఎవరూ నేర్పలేదు. అమ్మ కూనిరాగం తీస్తుంటే, ఆ గొంతుకి సరిపోయేదాకా తీగలు దించుకునేవారు. అమ్మ చివరిసారి పాడినప్పటి శృతినే ఇన్నాళ్ళూ కదపకుండా ఉంచుకున్నారు.

మళ్ళీ దించుతానని మా అమ్మాయి ఏడ్చింది. ఎంతవరకు దించాలో ఫోన్‌కి తెలియదు, నాన్నకి గుర్తు రాలేదు.

మీ పిల్లలు కూడా ఇలా ఏమన్నా సరిచేసిపెట్టారా?